టిన్ను కూరగాయలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి?

సూపర్‌మార్కెట్‌లో టిన్నులు పేర్చిన అర దగ్గర రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. "అవన్నీ కెమికల్సే, ముట్టుకోవద్దు" అని కొందరు. "కూరగాయలేగా, మంచివే" అని బుట్టలో వేసుకునేవాళ్లు కొందరు. రెండు మాటలూ సరైనవి కావని నా గట్టి అభిప్రాయం. టిన్నులోకి వెళ్లాక ఒక్కో కూరగాయ ఒక్కోలా మారుతుంది. టమాటాకు పెద్ద నష్టం లేదు, ఒక విషయంలో లాభం కూడా ఉంది. పుట్టగొడుగు చాలా పోగొట్టుకుంటుంది. కాబూలీ శనగలు పోషకాలను నిలబెట్టుకుంటాయి కానీ బోలెడు ఉప్పు వెంట తెస్తాయి.

కాబట్టి టిన్ను మొత్తంగా మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఏ కూరగాయ టిన్ను, ఎవరు తింటారు, దానికి బదులుగా మన ఊళ్లో ఇంకేం దొరుకుతుంది అని అడగాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతు బజార్లు, మోండా మార్కెట్, గుడిమల్కాపూర్ ఉన్న ఊళ్లో ఏడాది పొడుగునా తాజా కూరగాయకు లోటు లేదు. చలి ఎక్కువై నెలల తరబడి ఏమీ పండని దేశాల్లో టిన్నుకున్న అవసరం మనకు లేదు. అయినా రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి మాదాపూర్ ఫ్లాట్‌కు చేరే మనిషికి, గిన్నె, ఒక్క స్టవ్ మాత్రమే ఉన్న పీజీ పిల్లలకు టిన్ను కొన్నిసార్లు నిజంగానే అక్కరకొస్తుంది. వాళ్లు భయపడకుండా, మోసపోకుండా ఎంచుకోవాలన్నదే నా తాపత్రయం.

ముందు టిన్నులో జరిగేదేమిటో తెలిస్తే మిగతాదంతా తేలికవుతుంది. కూరగాయను కడిగి, తరిగి, కాసేపు వేడినీళ్లలో వేసి తీస్తారు. తర్వాత నీళ్లు, ఉప్పుతో టిన్నులో నింపి, గాలి చొరబడకుండా మూత బిగించి, మూసిన టిన్నునే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి సుమారు 121 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు మామూలుగా మరిగే నీళ్లకు చావవు, అందుకే అంత వేడి. నిల్వ ఉండేది ఆ వేడి వల్ల, గాలి తగలకపోవడం వల్ల. కాబట్టి "నెలల తరబడి పాడవకుండా ఉందంటే ఏ మందో కలిపే ఉంటారు" అన్న భయం అక్కర్లేదు.

ఆ వేడికి, ఆ నీళ్లకు ముందుగా పోయేవి సి విటమిన్, బి1, ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే) లాంటివి. పొటాషియం లాంటి ఖనిజాలు కొంత నీళ్లలోకి దిగిపోతాయి, మనం ఆ నీళ్లు సింకులో పారబోస్తాం. పీచు, ప్రొటీన్, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపిన్ చాలావరకు నిలుస్తాయి. కొత్తగా వచ్చి చేరేది సోడియం, అంటే ఉప్పు. టిన్ను కూరగాయల లెక్కంతా దాదాపు ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. ఏం పోయింది, ఎంత ఉప్పు చేరింది.

ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పుకోవాలి. టిన్నులో ఒకసారి మూతపడ్డాక మిగిలిన పోషకాలు నెలల తరబడి పెద్దగా తగ్గవు. తాజా కూరగాయ మాత్రం కోసిన గంట నుంచి తగ్గుతూనే ఉంటుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో తాజా, ఫ్రోజెన్, టిన్ను కూరగాయలపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూశారు. తాజా కూరగాయ నిల్వలోనూ వంటలోనూ పోగొట్టుకునేది మనం అనుకునే దానికంటే ఎక్కువే కావచ్చని వాళ్లు తేల్చారు. ఆదివారం కొని శనివారం దాకా ఫ్రిజ్‌లో వాడిపోయిన బీన్స్‌ను "తాజా" లెక్కలో వేసుకుని టిన్నును తిట్టడం సరికాదు.

లేబుల్ చదివే పద్ధతి

టిన్ను చేతిలోకి తీసుకోగానే ముందువైపు బొమ్మ వదిలేసి వెనక్కి తిప్పండి. మొదట చూడాల్సింది బరువు. నికర బరువు 400 గ్రాములని పెద్దగా ఉంటుంది, నీళ్లు వంచేశాక మిగిలే బరువు 240 గ్రాములని చిన్నగా ఉంటుంది. ఆ చిన్న అంకే మీరు తినే కూరగాయ. మిగతా 160 గ్రాములు ఉప్పునీళ్లు. టిన్ను 120 రూపాయలనుకోండి, మీరు వంద గ్రాముల శనగలకు 30 రూపాయలు కాదు, 50 రూపాయలు ఇస్తున్నారు. రెండు కంపెనీల మధ్య తేల్చుకునేటప్పుడు ఈ లెక్క వేయకుండా ధర పోల్చొద్దు.

తర్వాత పోషకాల పట్టిక. వంద గ్రాములకు ఇచ్చిన అంకెలనే పోల్చండి. "ఒక సర్వింగ్‌కు" అని ఇచ్చే అంకెలు కంపెనీని బట్టి మారతాయి. ఒకరు 30 గ్రాములను సర్వింగ్ అంటారు, ఇంకొకరు 130 గ్రాములంటారు. చిన్న సర్వింగ్ చూపిస్తే సోడియం కూడా చిన్నగా కనిపిస్తుంది. పట్టికలో సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి ఒక మనిషికి 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. పొద్దున చట్నీ, మధ్యాహ్నం ఆవకాయ, రాత్రి సాంబారు తినే ఇంట్లో ఆ 5 గ్రాములు టిన్ను తెరవకముందే అయిపోయే ప్రమాదం ఉంది.

ఇక పదార్థాల జాబితా. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. కూరగాయ, నీళ్లు, ఉప్పు, ఈ మూడే ఉంటే బాగున్నట్టు. చక్కెర కనిపిస్తే ఎందుకు వేశారో ఆలోచించండి. ఐఎన్‌ఎస్ అని ఉండేవి ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబర్లు. ఐఎన్‌ఎస్ 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మపులుపే, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఐఎన్‌ఎస్ 300 అంటే సి విటమిన్, రంగు మారకుండా వేస్తారు. ఐఎన్‌ఎస్ 102, ఐఎన్‌ఎస్ 133 అని బఠానీ టిన్ను మీద కనిపిస్తే అది పసుపు, నీలం రంగులు కలిపి తెచ్చిన పచ్చదనం. నేనైతే అది కొనను.

పచ్చి బఠానీ

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పోలికలో అందరూ పొరపడేది దీని దగ్గరే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం వంద గ్రాముల పచ్చి బఠానీలో సి విటమిన్ 40 మిల్లీగ్రాములు, టిన్ను బఠానీలో సుమారు 10. ఇది చూసి ముప్పావు వంతు పోయిందని గగ్గోలు పెడతారు. కానీ బఠానీని ఎవరు పచ్చిగా తింటారు? టిన్నులోది ఇప్పటికే ఉడికిన బఠానీ. ఉడికినదాన్ని ఉడికినదానితోనే పోల్చాలి. తాజా బఠానీ ఉడికించి నీళ్లు వంచితే మిగిలే సి విటమిన్ 14 మిల్లీగ్రాములు. ఫ్రోజెన్‌ది ఉడికిస్తే దాదాపు 10. టిన్నుదీ దాదాపు 10. అంటే విటమిన్ దగ్గర తేడా అందరూ అనుకున్నంత లేదు. తేడా ఉన్నది సోడియంలో. ఉప్పు వేయకుండా ఉడికించిన తాజా బఠానీలో 3 మిల్లీగ్రాములు, ఫ్రోజెన్‌లో 70 చిల్లర, టిన్నులో 250 దాకా.

అందుకే నా ఓటు చలికాలంలో తాజాకు, మిగతా కాలమంతా ఫ్రోజెన్‌కు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్‌లో బఠానీ కాయ లేతగా, తియ్యగా, చవకగా దొరుకుతుంది. కొని, ఒలిచి, అదే రోజు వండండి. ఒలిచిన గింజలు ప్లాస్టిక్ కవర్లలో అమ్ముతారే, అవి ఎప్పుడు ఒలిచారో తెలియదు. ఒలిచాక విటమిన్ త్వరగా పోతుంది, తీపి పిండిగా మారుతుంది. ఎండాకాలంలో అయితే కాయ ముదిరి, ధర పెరిగి, ఏ విధంగానూ లాభం లేదు. ఫ్రోజెన్ ప్యాకెట్ కొనేటప్పుడు ఒకసారి ఊపి చూడండి. గింజలు విడివిడిగా గలగలమంటే మంచిది. ఒకే గడ్డగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, అది అక్కడే పెట్టేయండి. మే నెలలో అయితే బిల్లు వేయించుకునే ముందు, ఆఖరున తీసుకోండి.

టిన్ను బఠానీలో ఇంకో తిరకాసు ఉంది. కొన్ని టిన్నులు లేత పచ్చి బఠానీవి కావు, ఎండు బఠానీని నానబెట్టి నింపినవి. పదార్థాల జాబితాలో ఎండు బఠానీ అని ఉంటుంది చూడండి. వాటిలో సి విటమిన్ ఆశించొద్దు. అవి పప్పుధాన్యం కింద లెక్క. అలాంటప్పుడు ఎండు బఠానీ మనమే నానబెట్టుకుంటే చవక కదా.

కాబూలీ శనగలు, రాజ్మా

టిన్నుల్లో నాకు నిజంగా గౌరవమున్నవి ఇవే. ఇంట్లో ఉప్పు లేకుండా ఉడికించిన కాబూలీ శనగల్లో వంద గ్రాములకు ప్రొటీన్ 9 గ్రాములకు దగ్గరగా, పీచు ఏడున్నర గ్రాములు. నీళ్లు వంచిన టిన్ను శనగల్లో ప్రొటీన్ 7, పీచు 6 గ్రాముల పైచిలుకు. కొంత తగ్గిందన్నది నిజమే కానీ రాత్రి పూట మైదా నూడుల్స్ తినబోయే మనిషికి అది చాలా మంచి భోజనం. ఎనిమిది గంటలు నానబెట్టడం మర్చిపోయినవాళ్లకు ఇది తప్ప వేరే దారి ఉండదు.

ఇబ్బంది ఉప్పు దగ్గరే. ఇంట్లో ఉడికించినదాంట్లో సోడియం 7 మిల్లీగ్రాములు, టిన్నుదాంట్లో 250 దాకా. 240 గ్రాముల టిన్ను మొత్తం తింటే ఒకటిన్నర గ్రాముల ఉప్పు, ఇంకా కూరలో మనం వేసే ఉప్పు కలవకుండానే. దీనికి ఖర్చులేని మందు ఉంది. టిన్నులో నీళ్లు పూర్తిగా వంచేసి, శనగలను చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద అర నిమిషం కడగండి. గింజల మీద ఉన్న జిగురు నురగ పోయేదాకా కదుపుతూ కడగాలి. నీళ్లు వంచితేనే సోడియంలో మూడో వంతు పోతుంది, కడిగితే మొత్తం మీద 40 శాతం దాకా తగ్గుతుంది. తర్వాత ఛోలేలో ఉప్పు మామూలుగా వేసేదాంట్లో సగం వేసి, దించే ముందు రుచి చూసి సరిచేసుకోండి.

డబ్బు సంగతి కూడా చూడాలి. ఎండు శనగలు ఉడికితే రెట్టింపుకు మించి బరువు తూగుతాయి. టిన్నులో ఉన్నన్ని శనగలు కావాలంటే 110 గ్రాముల ఎండు శనగలు చాలు. కిలో 160 రూపాయలనుకుంటే 18 రూపాయల లోపే. వారానికి రెండు మూడు సార్లు శనగలు తినే ఇల్లయితే ఆదివారం అరకిలో నానబెట్టి, సోమవారం పొద్దున కుక్కర్‌లో ఉడికించి, చిన్న డబ్బాల్లో సర్ది డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఉప్పు మీ చేతిలో ఉంటుంది. ఒకటి రెండు టిన్నులు మాత్రం అత్యవసరానికి అరలో ఉంచుకోండి, తప్పులేదు. రాజ్మాకు ఇంకో లాభం కూడా ఉంది. సరిగా ఉడకని రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం వాంతులు, కడుపునొప్పి తెస్తుంది. టిన్ను రాజ్మా పూర్తిగా ఉడికి వస్తుంది కాబట్టి కుక్కర్ లేని పీజీ గదుల్లో అదే భద్రం.

బేక్డ్ బీన్స్‌ను మాత్రం ఇదే గాటన కట్టొద్దు. అందులో టమాటా సాస్, చక్కెర కలిసి ఉంటాయి. ఆ సాస్‌ను కడిగే వీలు లేదు.

పుట్టగొడుగులు

హైదరాబాద్‌లో టిన్ను పుట్టగొడుగులు కొనడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. 200 గ్రాముల తాజా బటన్ మష్రూమ్ ప్యాకెట్ ఇప్పుడు వీధి చివరి కూరగాయల కొట్లో కూడా ఉంటోంది. టిన్నులో ఇది పోగొట్టుకునేది మరీ ఎక్కువ. వంద గ్రాముల తాజా పుట్టగొడుగుల్లో బి2 విటమిన్ 0.4 మిల్లీగ్రాములు ఉంటే నీళ్లు వంచిన టిన్నులో 0.02. పొటాషియం 318 నుంచి 129 మిల్లీగ్రాములకు పడిపోతుంది. సోడియం 5 నుంచి 425కు ఎగబాకుతుంది. మనం పుట్టగొడుగులను ఇష్టపడేది బి విటమిన్ల కోసం, ఆ ప్రత్యేకమైన రుచి కోసం. టిన్నులో ఆ రెండూ మిగలవు, రబ్బరు ముక్కల్లా నములుతుండాలి. మష్రూమ్ బిర్యానీకైనా, మిరియాల వేపుడుకైనా తాజావే తెచ్చుకోండి.

స్వీట్ కార్న్

మొక్కజొన్న సి విటమిన్ కోసం తినేది కాదు, కాబట్టి అది పోయిందని బాధపడక్కర్లేదు. టిన్ను గింజల్లో వంద గ్రాములకు 200 మిల్లీగ్రాముల వరకు సోడియం ఉంటుంది, చాలా కంపెనీలు చక్కెర కూడా కలుపుతాయి. ఫ్రోజెన్ గింజల్లో మామూలుగా ఈ రెండూ ఉండవు. ధరకూడా కూరగాయ బరువుతో లెక్కిస్తే ఫ్రోజెనే నయం. సూప్ కోసం అమ్మే క్రీమ్ స్టైల్ కార్న్‌లో చక్కెరతో పాటు చిక్కదనానికి పిండి కూడా కలిసి ఉంటుంది. ఫ్రోజెన్ గింజల్లో సగం మిక్సీలో వేసి కలిపితే అదే చిక్కదనం వస్తుంది. వర్షాకాలంలో తాజా కంకులు దొరుకుతుంటే ఈ చర్చే అక్కర్లేదు.

టమాటా ప్యూరీ

టిన్ను, టెట్రా ప్యాక్‌ల పక్షాన నేను నిలబడే చోటు ఇది. టమాటాలో పులుపు ఎక్కువ కాబట్టి మిగతా కూరగాయలంత వేడి అక్కర్లేదు, పైగా ఆ పులుపు సి విటమిన్‌ను కొంత కాపాడుతుంది. తాజా టమాటాలో 14 మిల్లీగ్రాములుంటే ప్యూరీలో 10 దాకా ఉంటుంది. లైకోపిన్ మాత్రం తాజా టమాటాలో వంద గ్రాములకు రెండున్నర మిల్లీగ్రాములైతే ప్యూరీలో 21, పేస్ట్‌లో 28 దాకా. నీళ్లు ఇగిరిపోయి చిక్కబడటం వల్ల వచ్చిన పెరుగుదల ఇది. దానికి తోడు వేడి తగిలాక, నూనె తోడయ్యాక లైకోపిన్ మన ఒంటికి ఎక్కువగా పడుతుంది. నూనెలో పోపు వేసి టమాటా మగ్గించే మన పద్ధతిలో ఆ రెండూ ఉన్నాయి.

2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటి, మదనపల్లె మార్కెట్ రోజూ వార్తల్లోకెక్కినప్పుడు ప్యూరీ ప్యాకెట్‌తో ఇల్లు గడుపుకున్నవాళ్లు పోషకాల విషయంలో నష్టపోలేదు. కూరల్లో, గ్రేవీల్లో నిశ్చింతగా వాడండి. చారుకు, పచ్చడికి మాత్రం ప్యూరీతో తాజా టమాటా రుచి రాదు, అది వేరే సంగతి.

కొనేటప్పుడు పదార్థాల్లో టమాటా ఒక్కటే ఉన్న ప్యూరీని ఎంచుకోండి. ఉప్పు కలిపినవీ కలపనివీ పక్కపక్కనే ఉంటాయి. కెచప్‌ను ప్యూరీకి బదులుగా ఎప్పుడూ చూడొద్దు. దాంట్లో వంద గ్రాములకు చక్కెర 20 గ్రాముల పైన, సోడియం 900 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి.

ఆలివ్‌లు, హాలపీనోలు (మెక్సికో మిరపకాయలు), గెర్కిన్‌లను (చిన్న దోసకాయలు) కూరగాయల లెక్కలోంచి తీసేయండి. అవి ఊరగాయలు. ఆవకాయ ఎంత వేసుకుంటారో అంతే వేసుకోవాలి. బేబీ కార్న్ తాజాదే అన్నిచోట్లా దొరుకుతోంది, టిన్ను అనవసరం.

ఇంట్లో ఎవరున్నారు?

అమ్మానాన్నలో, అత్తమామల్లో ఎవరికైనా బీపీ ఉంటే టిన్ను నీళ్లను గ్రేవీలో పోయడం పూర్తిగా మానేయండి. చిక్కదనం వస్తుందని చాలామంది పోస్తుంటారు, టిన్నులోని ఉప్పులో మూడో వంతు ఉన్నది అందులోనే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఉప్పు, పొటాషియం రెండింటి లెక్కా ఉంటుంది కాబట్టి టిన్ను కావచ్చు, తాజాది కావచ్చు, డాక్టర్ ఇచ్చిన డైట్ చార్ట్ ప్రకారమే వెళ్లాలి. ఏడాది లోపు పిల్లలకు ఉప్పునీళ్ల టిన్నులోవి ఏవీ పెట్టొద్దు. కొంచెం పెద్ద పిల్లల టిఫిన్ బాక్సులోకి అయితే కడిగిన శనగలు, నిమ్మరసం, ఉల్లి, కొత్తిమీర కలిపి పెట్టొచ్చు. నిమ్మరసంలోని సి విటమిన్ వల్ల శనగల్లో ఉన్న ఇనుము బాగా ఒంటబడుతుంది కూడా.

పీజీలో ఉండేవాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను. అరలో రెండు శనగల టిన్నులు, ఒక రాజ్మా, రెండు చిన్న టమాటా ప్యూరీలు పెట్టుకోండి. ఆకుకూర, కీరా, క్యారెట్, నిమ్మకాయ మాత్రం వారానికి రెండుసార్లు తాజాగా తెచ్చుకోండి. టిన్నులో పోయిన సి విటమిన్‌ను ఒక జామకాయ ఎన్నో రెట్లు తిరిగి ఇచ్చేస్తుంది.

కొనే టిన్ను ఉబ్బినా, కారుతున్నా, అంచు కుట్టు దగ్గర సొట్ట పడినా, తుప్పు పట్టినా వద్దు. తెరిచినప్పుడు లోపలిది పైకి చిమ్మినా, తేడా వాసన వచ్చినా రుచి కూడా చూడకుండా పారేయాలి, ఎందుకంటే బొటులిజం విషానికి చాలాసార్లు వాసన కూడా ఉండదు, ఉబ్బడం లాంటి గుర్తులు కూడా ప్రతిసారీ కనిపించవు. సగం వాడి మిగిలింది టిన్నులోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గాజు సీసాలోకో స్టీలు డబ్బాలోకో మార్చి, మూత పెట్టి, మూడు రోజుల్లోపు వాడేయండి. ప్యూరీ అయితే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కలుగా తీసి కవర్లో వేసి ఉంచుకుంటే కూరకు రెండు ముక్కల చొప్పున వాడుకోవచ్చు.